రోగి దాకా చేరే అనుమతి కావాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల దినపత్రికల్లో గంజాయి మాట కనిపించిందంటే అది చాలావరకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద జరిగిన పట్టివేత వార్తే అయి ఉంటుంది. మన్యం నుంచి చెన్నై వైపు వెళ్లే బండిలో దొరికిన ప్యాకెట్లు, వాటి వెనుక ముఖాలకు ముసుగులు తొడిగి నిలబెట్టిన కుర్రాళ్లు, ఎన్ని కిలోలు, ఎన్ని లక్షలు అన్న లెక్క, ఇంతే. ఇలాంటి వార్తలు రోజూ చదివేవారి ముందు గంజాయిని మందుగా తయారు చేసి అమ్మడానికి అనుమతి ఇవ్వాలా అన్న ప్రశ్న పెడితే, ఆ ప్రశ్నే తప్పుగా తోచడం సహజం. నేను ఒంగోలులో మందుల దుకాణం నడిపే ఫార్మసిస్టును. మా నాన్నగారు కొండపి వైపు పొగాకు రైతు. ప్రభుత్వం గట్టిగా అదుపు చేసే పంటను ఇంట్లోనూ, ప్రభుత్వం గట్టిగా అదుపు చేసే మందులను దుకాణంలోనూ చూస్తూ వచ్చినవాడిగా నాకు ఆ ప్రశ్న తప్పుగా అనిపించదు. అయితే మన చర్చ అనుమతి ఇవ్వాలా వద్దా అన్న చోటే ఆగిపోతోందన్నది నా బాధ. ఇచ్చాక ఆ పదార్థం ఎవరి చేతి నుంచి బయలుదేరి, ఏ పరీక్షలు దాటి, ఏ అలమరలోకి చేరి, ఏ షరతుల మీద రోగికి అందాలో రాసే నిబంధనలే ఇందులో అసలు విషయం.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూడాలి, ఎందుకంటే చాలామంది అనుకుంటున్నట్లు మన దేశంలో ఈ మొక్క మీద నిషేధం సంపూర్ణమైనది కాదు. అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎనిమిదో సెక్షన్‌లో గంజాయి సాగును, ఉత్పత్తిని, దగ్గర ఉంచుకోవడాన్ని, అమ్మకాన్ని, రవాణాను నిషేధిస్తూనే, వైద్య, శాస్త్రీయ ప్రయోజనాల కోసం నిబంధనల ప్రకారం జరిగేదాన్ని ఆ నిషేధం నుంచి మినహాయించింది. పదో సెక్షన్ ఆ నిబంధనలు చేసే అధికారాన్ని, మొక్క జిగురైన చరస్‌ను తప్పించి, రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. నార కోసం, గింజ కోసం, ఉద్యాన అవసరాల కోసం సాగును ప్రభుత్వ ఉత్తర్వుతో అనుమతించవచ్చునని పద్నాలుగో సెక్షన్ చెబుతుంది. చట్టం నిర్వచనంలో గంజాయి అంటే పూత లేదా కాయ ఉన్న కొనలు. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాల్లో ఆ ఆకుతో చేసే భంగును లైసెన్సు దుకాణాల్లో అమ్మగలగడానికీ, ఇవాళ ఆయుర్వేద ఔషధంగా ఆ ఆకు సారం ఆన్‌లైన్‌లో దొరకడానికీ ఆధారం ఇదే. మరోవైపు శిక్షలు చిన్నవేమీ కావు. కిలో దాకా గంజాయిని చిన్న పరిమాణంగా, ఇరవై కిలోలు దాటినదాన్ని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తారు. వాణిజ్య పరిమాణంతో పట్టుబడితే పదేళ్లకు తగ్గని, ఇరవై ఏళ్ల దాకా పోగల జైలు శిక్ష, దానితోపాటు బెయిలు దొరకడమే గగనమయ్యే ముప్పై ఏడో సెక్షన్ ఉన్నాయి.

చట్టంలోని ఆ మినహాయింపును పట్టుకుని ముందుకు కదిలిన రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. ఉత్తరాఖండ్ 2018లో మత్తు పదార్థం అతి తక్కువగా ఉండే రకాల సాగుకు, పారిశ్రామిక అవసరాల కోసం, లైసెన్సు ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024 సెప్టెంబరులో ఔషధ, పారిశ్రామిక అవసరాల కోసం నియంత్రిత సాగును సమర్థిస్తూ తీర్మానం చేసింది. జమ్మూలోని సీఎస్ఐఆర్ పరిశోధన సంస్థ అనుమతితో ఈ మొక్కను పెంచి పరిశోధిస్తోంది. మన రాష్ట్రంలో ఇప్పటిదాకా ప్రభుత్వ దృష్టి మన్యంలో అక్రమ సాగును నిర్మూలించడం మీదే ఉంది. ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలను నరికివేశారు. 2024 చివరలో ఈగల్ అనే ప్రత్యేక విభాగాన్ని, 1972 అనే ఫిర్యాదు నంబరును పెట్టారు. ఆ పని జరగవలసిందేనని నా నమ్మకం. పదిహేను, పదహారేళ్ల పిల్లల మెదడు ఇంకా ఎదిగే దశలో ఉంటుంది, ఆ వయసులో గంజాయి అలవాటైన పిల్లల్లో మతిభ్రమణ లక్షణాల ముప్పు ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతోంది. కాలేజీ గేటు దగ్గర చేతులు మారే పొట్లాన్ని మందు పేరు చెప్పి వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు.

అంతర్జాతీయ ఒప్పందం మాటకు వస్తే, 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో గంజాయిని మొదటి జాబితాతోపాటు, వైద్యపరమైన విలువ దాదాపు లేనివన్న పదార్థాల నాలుగో జాబితాలో కూడా ఉంచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు మీద 2020 డిసెంబరు 2న జరిగిన ఓటింగులో 27 దేశాలు అనుకూలంగా, 25 వ్యతిరేకంగా ఓటు వేయగా అది నాలుగో జాబితా నుంచి బయటికి వచ్చింది. అనుకూలంగా ఓటు వేసిన దేశాల్లో భారతదేశం ఉంది. మొదటి జాబితాలో అది ఇప్పటికీ ఉంది, అంటే అదుపు పోలేదు. వైద్యానికి పనికిరాదన్న ముద్ర మాత్రం పోయింది. ఆ ముద్ర వేయకముందు మన దేశం దీన్ని మందుగానే చూసింది. 1839లో కలకత్తాలో ఓషానెస్సీ అనే వైద్యుడు ధనుర్వాతానికీ మూర్ఛకూ దీన్ని వాడి చూసి రాసిన పత్రం ద్వారానే ఐరోపా వైద్యులకు ఇది పరిచయమైంది. 1893లో నియమించిన కమిషన్ దేశమంతా తిరిగి, పూర్తి నిషేధం కంటే లైసెన్సు, పన్ను, పర్యవేక్షణ మేలని తేల్చింది. ఆ రోజుల్లో బెంగాలులోని నౌగావ్ ప్రాంతంలో లైసెన్సు ఉన్న రైతులు పండించిన సరుకు ప్రభుత్వ గిడ్డంగులకే చేరేది. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో కూడా సాగు ఉండేది కనుక, ఈ సంగతి మనకు మరీ పొరుగూరిది కాదు.

ఇక నా వాదనకు మూలమైన, నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు మార్ఫిన్ కథ చెప్పాలి. ఔషధ గంజాయి గురించి మాట్లాడేవారు ఈ కథను దాటుకుని పోకూడదని నా అభిప్రాయం.

నల్లమందును చట్టబద్ధంగా పండించి ప్రపంచానికి ఎగుమతి చేసే దేశం మనది. 1985 చట్టం మార్ఫిన్‌ను నిషేధించలేదు. వైద్యానికి వాడుకోవచ్చునని స్పష్టంగానే చెప్పింది. అయినా చట్టం వచ్చిన పన్నెండేళ్లలో దేశంలో వైద్య అవసరాలకు వాడే మార్ఫిన్ తొంభై శాతానికి పైగా పడిపోయింది. క్యాన్సర్లు తగ్గలేదు, నొప్పులు తగ్గలేదు, తగ్గింది మందు మాత్రమే. ఆస్పత్రి ఒక్క పెట్టె మార్ఫిన్ మాత్రలు తెప్పించుకోవాలంటే ఎక్సైజు శాఖ నుంచి ఒకటి, ఔషధ నియంత్రణ శాఖ నుంచి ఒకటి, సరుకు పంపే రాష్ట్రం నుంచి ఇంకొకటి అన్నట్లు అనుమతులు తీసుకోవలసి వచ్చేది. వాటన్నిటికీ గడువు ఒకేసారి కలవవలసి ఉండేది. ఒకటి వచ్చేలోపు మరొకటి ముగిసిపోయేది. దానికి తోడు లెక్కలో చిన్న తేడా వచ్చినా పదేళ్ల జైలు అన్న భయం. ఆస్పత్రులు ఆ తలనొప్పి మనకెందుకని మందు తెప్పించడమే మానుకున్నాయి, వైద్యులు రాయడం మరిచిపోయారు, ఒక తరం వైద్య విద్యార్థులు మార్ఫిన్ సీసా చూడకుండానే పట్టాలు పుచ్చుకున్నారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయనతోపాటు పనిచేసినవారు ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత 2014లో చట్టాన్ని సవరించి, 2015లో మార్ఫిన్ సహా ఆరు మందులను అత్యావశ్యక మాదక ఔషధాలుగా ప్రకటించి, దేశమంతటికీ ఒకే నిబంధన, ఆస్పత్రికి ఒకే గుర్తింపు, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఒక్కరి అనుమతి అన్న పద్ధతి తెచ్చారు.

నిబంధన మారినంత తేలికగా వాడుక మారలేదు. కొంతకాలం కిందట మర్రిపూడి వైపు నుంచి ఒకతను మా దుకాణానికి వచ్చాడు. తల్లికి రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలు పెట్టి తెచ్చిన చీటీలో పది మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకటి, రాత్రి పడుకోబోయే ముందు రెండు, దానితోపాటు విరేచనం సాఫీగా కావడానికి మందు అని శుభ్రంగా రాసి ఉంది. చదువుకున్న వైద్యుడు పద్ధతిగా రాసిన చీటీ అది. మా దుకాణానికి ఆ మందు ఉంచే అనుమతి లేదు. నేను ఫోన్ చేసి అడిగిన దుకాణాల్లోనూ లేదు. "అన్నా, అమ్మకు నయం కాదని మాకు తెలుసు. రాత్రిపూట ఆమె అరవకుండా ఉంటే చాలు" అన్నాడతను. చివరికి ఆ మాత్రల కోసం వేరే జిల్లా దాకా ప్రయాణం కట్టాల్సి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన పెద్దలు అన్నది ఇలాంటి పరిస్థితి చూసే అయి ఉండాలి. రేపు ఔషధ గంజాయికి అనుమతి వచ్చినా, నిబంధనలు రాసేవారి మనసులో దొంగ ఒక్కడే ఉండి ఈ మర్రిపూడి తల్లి లేకపోతే, ఆ అనుమతి కూడా గెజిట్ కాగితం మీదే మిగిలిపోతుంది.

రెండో సంగతి పంటకు సంబంధించినది. లైసెన్సు మీద పండే పంట అంటే ఏమిటో ప్రకాశం, నెల్లూరు రైతుకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. 1975 నాటి చట్టంతో ఏర్పడి గుంటూరు కేంద్రంగా పనిచేసే పొగాకు బోర్డు, నాట్లకు ముందే ఆ ఏడాది రాష్ట్రంలో ఎంత వర్జీనియా పొగాకు పండాలో నిర్ణయిస్తుంది. రైతు పేరు నమోదు కావాలి, ఆకు కాల్చే బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి, ఆ బ్యారన్ మీద ఇంత అని కోటా ఉంటుంది. ఆకు కాల్చి, గ్రేడు చేసి, బేళ్లు కట్టి కొండపి, టంగుటూరు, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి లాంటి వేలం కేంద్రాల్లో తనకు కేటాయించిన చోటికే తీసుకుపోవాలి. ప్రతి బేలుకూ చీటీ, తూకం, ఎలక్ట్రానిక్ వేలంలో ధర, తర్వాత బ్యాంకు ఖాతాలో డబ్బు. కోటా దాటి పండించినవాడికి అదనపు రుసుము మోత ఉంటుంది. ఈ వ్యవస్థలో లోపాలు లేకపోలేదు. ఎవరూ కొనక నోబిడ్ అయిన బేళ్లను తిరిగి ఇంటికి తోలుకొచ్చిన రోజున మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తిన్నది లేదు. అయినా బేలు ఎవరిది, ఎక్కడిది, ఎవరు కొన్నారు అన్న మూడు ప్రశ్నలకు ఎప్పుడు అడిగినా జవాబు ఉంటుంది.

ఆ అదుపు లేని చోట ఏమవుతుందో 2025లో నల్లబర్లీ రైతులు చూపించారు. ఆ రకం పొగాకు బోర్డు పరిధిలో లేదు. అంతకుముందు ధరలు బాగున్నాయని, కంపెనీలు కొంటాయన్న మాట మీద పర్చూరు, ఇంకొల్లు ప్రాంతాల్లో విపరీతంగా వేశారు. పంట చేతికొచ్చాక కొనేవారు వెనక్కి తగ్గారు. అమ్మబోతే అడవి అన్నట్లయింది. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు చేయవలసి వచ్చింది. అమ్ముడుపోని పొగాకు గోదాములో పడి ఉంటే నష్టం రైతుది. అమ్ముడుపోని గంజాయి గోదాములో పడి ఉంటే దాని కోసం వచ్చేవారు వేరే ఉంటారు, నష్టం ఊరంతటిదీ అవుతుంది.

1961 ఒడంబడిక ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. నల్లమందుకు పెట్టిన షరతులే గంజాయికీ వర్తిస్తాయని దాని ఇరవై ఎనిమిదో అధికరణం చెబుతుంది. ఆ షరతుల ప్రకారం ప్రభుత్వం ఒక సంస్థను నియమించాలి; ఎక్కడ పండించాలో, ఎవరు పండించాలో, ఎంత విస్తీర్ణంలో పండించాలో ఆ సంస్థ లైసెన్సులో రాయాలి; పండిన పంట మొత్తాన్ని రైతు ఆ సంస్థకే అప్పగించాలి; కోత ముగిసిన నాలుగు నెలలలోపు సంస్థ దాన్ని స్వాధీనం చేసుకోవాలి. మన దేశంలో నల్లమందు విషయంలో ఈ పని గ్వాలియర్‌లోని కేంద్ర మాదకద్రవ్యాల బ్యూరో చేస్తోంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులకు అది లైసెన్సు ఇస్తుంది, హెక్టారుకు కనీసం ఇంత మార్ఫిన్ తూగాలని నియమం పెడుతుంది, తూగకపోతే మరుసటి ఏడాది లైసెన్సు పోవచ్చు. సరుకు నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ కర్మాగారాలకు పోతుంది. కనుక మనకు నమూనా లేదన్న సాకు చెల్లదు. బోర్డు వేలం కేంద్రంలో ఉన్న జాడ తెలిసే పద్ధతిని, బ్యూరో పాటించే పూర్తి అప్పగింతను కలిపితే సాగు వైపు నిబంధనలు చాలావరకు వచ్చేస్తాయి.

అయితే పొగాకు ఆకును కొనుగోలుదారు రంగు చూసి, చేత్తో నలిపి, వాసన చూసి గ్రేడు చెప్పగలడు; మందు విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. ఈ మొక్కలో మత్తు కలిగించేది టీహెచ్‌సీ. మత్తు కలిగించకుండా కొన్ని రకాల మూర్ఛలను తగ్గించేది సీబీడీ. ఇజ్రాయెల్‌లో రఫేల్ మెషూలం బృందం 1960ల మొదట్లో ఈ రెండింటి నిర్మాణాన్ని తేల్చింది. విత్తనం మారితే, మొక్కకు అందే వెలుతురు మారితే, కోత వారం రోజులు అటూ ఇటూ అయితే వీటి పాళ్లు మారిపోతాయి. పైగా ఈ మొక్క నేలలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను బాగా పీల్చుకుంటుంది. సరిగా ఆరకపోతే పూతలో బూజు పట్టి విషాలు పుడతాయి. క్యాన్సర్ చికిత్సతో రోగనిరోధక శక్తి అడుగంటిన మనిషికి ఇలాంటి సరుకు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే మేలు. అందుకే ప్రతి బ్యాచీకి స్వతంత్ర ప్రయోగశాల పరీక్ష, సీసా మీద మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, ఎన్ని మిల్లీగ్రాముల సీబీడీ అన్న అంకె తప్పనిసరి కావాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఎందుకు గట్టిగా కోరుతున్నానో చెప్పడానికి ఒక సీసా ఉదాహరణ చాలు. సంతపేట నుంచి వచ్చిన ఒక తల్లి, ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న గోధుమరంగు సీసా నా బల్ల మీద పెట్టి, "సార్, బాబుకు ఇది ఎన్ని చుక్కలు వేయాలి?" అని అడిగింది. పిల్లవాడికి ఏడేళ్లు, మూర్ఛ ఉంది, క్లోబజామ్, వాల్‌ప్రోయేట్ రెండూ వాడుతున్నాడు. సీసా మీద విజయ పత్ర సారం, అంటే గంజాయి ఆకు సారం, అని ఉంది, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉన్నాయి. విష స్వభావం ఉన్న ఆయుర్వేద ద్రవ్యాల ఈ-1 జాబితాలో ఉన్నవాటికి చట్టం కోరే హెచ్చరిక, అంటే వైద్యుడి పర్యవేక్షణలో వాడాలన్న వాక్యం, ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. ఆ తల్లికి వచ్చింది తెలుగు. సారంలో టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అన్న అంకె ఎక్కడా లేదు. సీబీడీ క్లోబజామ్ ప్రభావాన్ని శరీరంలో పెంచుతుంది, పిల్లవాడు మగతలోకి జారిపోవచ్చు. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయం మీద భారం పడుతుంది. అంకె లేని సీసా చేతిలో పట్టుకుని నేను చుక్కల లెక్క చెప్పలేను. పిల్లవాడిని చూస్తున్న నరాల వైద్యుడికి చూపించేదాకా ఒక్క చుక్క కూడా వేయవద్దమ్మా అని చెప్పి పంపించాను.

అదే సీబీడీని శుద్ధి చేసి, మిల్లీలీటరుకు వంద మిల్లీగ్రాములని కచ్చితంగా కొలిచి, పిల్లల మీద పద్ధతిగా పరీక్షలు జరిపిన ఎపిడియోలెక్స్ అనే మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతి ఇచ్చింది. అది అన్ని మూర్ఛలకూ కాదు, డ్రావే, లెనాక్స్ గాస్టో అనే రెండు మొండి రకాలకు. తర్వాత 2020లో మరొక జన్యు వ్యాధిలో వచ్చే మూర్ఛలకూ విస్తరించారు. కీమోథెరపీ వాంతులకు కృత్రిమంగా తయారు చేసిన టీహెచ్‌సీ 1985 నుంచీ అమెరికాలో ఉంది. నరాల వ్యాధిలో కండరాలు బిగుసుకుపోయే బాధకు నోట్లో చల్లుకునే మందు కొన్ని దేశాల్లో ఉంది. దీర్ఘకాలిక నొప్పికి కొంత ఉపశమనం కనిపించినా ఆ ఆధారం మరీ బలమైనది కాదు. గంజాయి నూనె క్యాన్సర్‌ను మాన్పుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు మాత్రం మనుషుల మీద జరిగిన పరీక్షల ఆధారం లేదు. ఆ మాట నమ్మి కీమోథెరపీ మధ్యలో ఆపేసేవారిని తలచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది, రోగుల మీద కాదు, ఆ మాటతో సీసాలు అమ్ముకునేవారి మీద.

ఇతర దేశాల అనుభవం చూస్తే తొందరపాటుకు థాయిలాండ్ పెద్ద ఉదాహరణ. 2019లో వైద్య అవసరాలకు అనుమతించి, 2022 జూన్‌లో మొక్కను మాదకద్రవ్యాల జాబితా నుంచే తీసేశారు. అమ్మకాన్ని అదుపు చేసే సమగ్ర చట్టం మాత్రం రాలేదు. వీధికో దుకాణం వెలిసింది. చివరికి 2025 జూన్‌లో వైద్యుడి చీటీ ఉంటేనే పూత అమ్మాలన్న నియమం పెట్టవలసి వచ్చింది. జర్మనీ 2017లో ముందుగా వైద్యుడి చీటీ, ఫార్మసీ, ప్రభుత్వ గంజాయి సంస్థ అన్న వరుసలో మొదలుపెట్టింది. బ్రిటన్ 2018 నవంబరు నుంచి నిపుణులైన వైద్యులకు రాసే హక్కు ఇచ్చినా, ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది అందినవారు చాలా కొద్దిమంది. మన మార్ఫిన్ కథకు అది చెల్లెలు లాంటిది.

అమ్మకం వైపు నిబంధనలను మనం శూన్యం నుంచి రాయనక్కరలేదు. నా దుకాణంలో అదుపులో ఉండే హెచ్-1 జాబితా మందు అమ్మితే వైద్యుడి పేరు, రోగి పేరు, మందు, పరిమాణం పుస్తకంలో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఇంకా గట్టి అదుపు ఉన్న ఎక్స్ జాబితా మందులకు విడిగా లైసెన్సు కావాలి, తాళం వేసిన అలమర ఉండాలి, చీటీ రెండు ప్రతులుగా రావాలి, ఒకటి నా దగ్గర రెండేళ్లు ఉండాలి. ఔషధ గంజాయికి ఈ ఎక్స్ జాబితా పద్ధతి సరిపోతుంది. దానికి తోడు మొదటి కొన్నేళ్లు నిపుణులైన వైద్యులకే, అంటే క్యాన్సర్, నరాల, పిల్లల మూర్ఛ, ఉపశమన వైద్య నిపుణులకే రాసే అధికారం ఇవ్వడం మంచిది. కాల్చి పీల్చే రూపం వద్దు. నోటి ద్వారా తీసుకునే, కొలత ఉన్న మందులే ఉండాలి. నోటి ద్వారా తీసుకున్నది పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటల దాకా పడుతుంది, ఇంకా పనిచేయలేదనుకుని మళ్లీ వేసుకునేవారు ఉంటారు కనుక ఈ సంగతి సీసా మీద తెలుగులో ఉండాలి. ఆయుర్వేద పేరుతో వచ్చే సారానికీ ఇవే షరతులు వర్తించాలి. శరీరంలోకి వెళ్లాక అణువుకు తాను ఏ వైద్యవిధానం కింద లైసెన్సు పొందిందో తెలియదు.

అందరూ మరిచిపోయే చిక్కు మరొకటి ఉంది. సంచిలో ఈ మందు పెట్టుకుని నెల్లూరు ఆస్పత్రి నుంచి బస్సులో ఇంటికి వచ్చే రోగిని వెంకటాచలం టోల్‌గేటు దగ్గర తనిఖీ చేస్తే అతను ఏం చూపించాలి? నిద్రమాత్రల లాంటి మనోప్రభావక మందుల విషయంలో వైద్యుడి చీటీతో సొంత అవసరానికి పరిమితంగా ఉంచుకోవచ్చునని ఇప్పటికే నిబంధన ఉంది. అలాంటి స్పష్టమైన వాక్యమే దీనికీ కావాలి. సీసా మీద కోడు ఉండి, పోలీసు ఫోనుతో చదివితే ఏ ఫార్మసీ ఏ చీటీ మీద ఇచ్చిందో కనిపించాలి. అసలు మందునూ దొంగ సరుకునూ అక్కడికక్కడే వేరు చేయగలిగితే పోలీసుల పని కూడా తేలికవుతుంది. ఇప్పుడు ఎన్‌డీపీఎస్ చట్టం కేంద్ర రెవెన్యూ శాఖది, నేర దర్యాప్తు హోం శాఖది, మందు అనుమతి ఆరోగ్య శాఖది. మార్ఫిన్‌ను మింగేసినవి శాఖల మధ్య ఉన్న ఈ సందులే కనుక, రోగికీ ఆస్పత్రికీ ఎదురయ్యే అధికారి ఒక్కరే కావాలి. జిల్లాకు కనీసం ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి, మన దగ్గరైతే ఒంగోలులో ఒకటి, నెల్లూరులో ఒకటి, మార్ఫిన్‌తోపాటు దీన్నీ తప్పక ఉంచాలి. ధరను జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ కట్టడి చేయకపోతే, ఎన్టీఆర్ వైద్య సేవలో చేర్చకపోతే మర్రిపూడి వైపు మనిషికి ఇదంతా దూరపు సంగతే.

మా ఊళ్లో పొగాకు వేసే వరసకు మామయ్య ఒకాయన ఈ విషయాలు విని, "పొగాకు తగ్గించమంటున్నారు గదా అబ్బాయ్, ఆ పంటేదో మనకిస్తే పోలా?" అని అడిగారు. ఆయన ప్రశ్నలో ఆశ ఉంది, దాన్ని తేలికగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. కాని ఔషధ గంజాయి ఎకరాల మీద పండే పంట కాదు. ఒకే తల్లి మొక్క నుంచి తీసిన కొమ్మలను, మగ మొక్క పుప్పొడి సోకకుండా, వెలుతురు, తేమ అదుపులో ఉన్న మూసిన షెడ్డులో పెంచాలి. కొద్దిపాటి విస్తీర్ణమే చాలా మంది రోగులకు సరిపోతుంది. పెట్టుబడి, కాపలా, పరీక్షల ఖర్చు మామూలు రైతు భరించగలిగేవి కావు. మొదట్లో అది విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ పరిశోధన సంస్థల చేతిలోనే ఉండాలి. రైతుకు ఏనాడైనా చోటు దొరికితే అది ఆ సంస్థలతో ఒప్పందం మీద, ముందే ధర తెలిసి మాత్రమే దొరకాలి. రాష్ట్ర ప్రభుత్వం పదో సెక్షన్ కింద ముసాయిదా నిబంధనలు ప్రకటించి అభ్యంతరాలు పిలిచిన రోజున నేను రాసి పంపబోయే కాగితంలో మొదటి మాట మార్ఫిన్ గురించి, రెండో మాట నల్లబర్లీ గురించి ఉంటుంది. ఈలోగా కొనేవారి పేరు, ధర, సరుకు అప్పగించే గడువు రాసిలేని ఏ సాగు ఒప్పందం మీదా, ఎవరు ఎంత ఆశ చూపించినా, సంతకం పెట్టవద్దని మామయ్యకు చెప్పాను.